వేసవి పొద్దున ఓ గంట నడక

వేసవిలో పిట్టలనూ సీతాకోకచిలుకలనూ చూడడానికి చేసే నడక చిన్నదిగా ఉండాలి. గంట, మహా అయితే గంటన్నర. దూరం కిలోమీటరు దాటనక్కర్లేదు. ఇందులో కాళ్ల కంటే కళ్లకూ చెవులకూ పని ఎక్కువ, సగం సమయం ఒకచోట నిలబడే గడుస్తుంది. ఇది వ్యాయామపు నడక కింద లెక్కకు రాదు. ఓపికగా చూడడం, చూసిందాన్ని గుర్తు పెట్టుకోవడం, తెలియనిదాన్ని తొందరపడి తేల్చెయ్యకుండా ఉండడం అనే మూడు అలవాట్లు ఖర్చు లేకుండా పట్టుబడే మార్గాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గుజరాత్‌లోని సూరత్ లాంటి పెద్ద నగరంలో కూడా దీనికి చోటుంది.

పక్షులు చూడాలంటే చలికాలమే అని చాలామంది అనుకుంటారు. దానికి కారణం ఉంది. శీతాకాలంలో తాపీ నది మీద, చెరువుల మీద వలస పక్షులు దిగుతాయి. నది మీది కాజ్‌వే దగ్గర తెల్లని గల్ పక్షులను చూడడానికి జనం గుమిగూడతారు. ఏప్రిల్ గడిచేసరికి ఆ అతిథుల్లో చాలావరకు వెళ్లిపోతారు. మిగిలేవి ఊరి పిట్టలు. కానీ అవి గూడు కట్టే కాలం, జత కోసం కూసే కాలం, కొత్త రంగులు తొడిగే కాలం కూడా వేసవే. చలికాలంలో మౌనంగా కొమ్మల్లో దాక్కున్న కోకిల మే నెలలో తెల్లవారకముందే గొంతెత్తుతుంది. కొత్తగా చూడడం నేర్చుకునేవారికి వంద జాతుల గందరగోళం కంటే పాతిక జాతుల స్పష్టత మేలు. ఆ లెక్కన మొదటి నడకకు వేసవినే ఎంచుకోవడం మంచిది.

ముందు తేల్చుకోవలసింది వేళ. మే చివరి వారంలో సూరత్‌లో సూర్యోదయం ఇంచుమించు 6 గంటలకు అవుతుంది. అప్పటికి విజయవాడలో పొద్దుపొడిచి దాదాపు అరగంట గడిచి ఉంటుంది. సూరత్ బాగా పడమరన ఉండడమే దీనికి కారణం. ఆ రోజుల్లో మధ్యాహ్నం 12 గంటల 35 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడ కనబడదు. సముద్రం దగ్గర కావడంతో గాలిలో తేమ ఎక్కువ. అహ్మదాబాదు ఎండ మాడుస్తుంది, సూరత్ ఎండ ఉడికిస్తుంది. తేమ గాలిలో చెమట త్వరగా ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందువల్ల థర్మామీటరులో అంకె చూసి ఇక్కడి ఎండను అంచనా వేయకూడదు. 6.30కి మొదలుపెట్టి 8కి ముగించడం క్షేమం. మనిషికి లీటరు మంచినీళ్లు, పిల్లలుంటే మజ్జిగో ఓఆర్ఎస్ ప్యాకెట్టో, తలకు టోపీ, పూర్తి చేతుల నూలు చొక్కా, మూసిన చెప్పులు లేదా బూట్లు ఉంటే చాలు. తల తిరగడం, తలనొప్పి, వికారం మొదలైతే జాబితా ఎంత ఊరిస్తున్నా నడక అక్కడితో ఆపేసి నీడకు చేరాలి.

ఎక్కడ నడవాలన్నది రెండో ప్రశ్న. నగరానికి నైరుతిన, డుమస్ వెళ్లే దారిలో విమానాశ్రయానికి దగ్గరగా గవియర్ చెరువు ఉంది. నేచర్ క్లబ్ సూరత్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ చెరువు బాగోగులు చూస్తూ వచ్చింది. నీరు, జమ్ము, తామరాకులు, గట్టు మీద చెట్లు ఒకేచోట ఉన్నందువల్ల కొద్ది అడుగుల్లోనే నీటి పక్షులూ తోట పక్షులూ కనిపిస్తాయి. వెళ్లే ముందు ప్రవేశ సమయాలు కనుక్కోవడం అవసరం. సర్థాణా నేచర్ పార్కు తాపీ ఒడ్డున ఉంది. వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఆవరణలోనూ చెట్లు దండిగా ఉన్నాయి, లోపల నడవాలంటే గేటు దగ్గర అనుమతి అడగాలి. డాక్టర్ హెడ్గేవార్ వంతెన నుంచి భీమ్‌రాడ్-బమ్రోలి వంతెన దాకా 87 హెక్టార్లలో తలపెట్టిన జీవవైవిధ్య ఉద్యానవనానికి 2022 సెప్టెంబరు 29న శంకుస్థాపన జరిగింది. పవర్‌లూమ్, టెక్స్‌టైల్ పనుల కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధనా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గవియర్ కంటే బమ్రోలి వైపే దగ్గర.

అయితే పేరున్న చోటు కోసం గంటసేపు బస్సులో కూర్చోవడం కంటే ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న కాలనీ తోటకు నాలుగు ఆదివారాలు వెళ్లడమే ఎక్కువ నేర్పుతుంది. ఒకే దారిని మళ్లీ మళ్లీ నడిస్తేనే ఏది కొత్తగా వచ్చిందో, ఏది మాయమైందో తెలుస్తుంది. ఒకసారి చూసొచ్చిన అడవి ఫొటోగా మిగులుతుంది, పదిసార్లు తిరిగిన తోట మనసులో ఉండిపోతుంది.

పిట్టలను వెతికే పద్ధతి చెట్టుతో మొదలవుతుంది. కొత్తవారు గాల్లో ఎగిరేదాని వెంట కళ్లు పరిగెత్తించి అలసిపోతారు. తెలిసినవారు ముందు పండ్లున్న చెట్టు ఎక్కడుందో చూస్తారు. మర్రి, రావి, మేడి పండిన వేళ ఒక్క చెట్టు కింద పావుగంట నిలబడితే కోకిల, గోరింక, బుల్‌బుల్, కంసాలి పిట్ట వరసగా వచ్చిపోతుంటాయి. సీమచింత కాయలు విచ్చే రోజుల్లో ఆ చెట్టు మీద రామచిలుకలు గోల చేస్తాయి. జూన్‌లో వేప పళ్లు రాలే వేళకు కోకిలలు అక్కడికి మారతాయి. పూలున్న చెట్టయితే తేనెపిట్టలు చేరతాయి. ఎండిన కొమ్మ చివరో కరెంటు తీగ మీదో నిశ్చలంగా కూర్చుని, గాల్లోకి దూకి పురుగును పట్టి మళ్లీ అదే చోటికి వచ్చే సన్నని ఆకుపచ్చ పిట్ట పసిరిక పిట్ట. అదే తీగ మీద నల్లగా, తోక చివర చీలి కనిపించేది పసుల పోలిగాడు.

వేసవిలో కంటి కంటే ముందు చెవి పనిచేస్తుంది. కంసాలి పిట్ట ఇందుకు మంచి ఉదాహరణ. టక్, టక్, టక్ అని కొలిచినట్టు సమాన విరామాలతో రోజంతా కొడుతూనే ఉంటుంది. ఎండ పెరిగి మిగతా పిట్టలు సద్దుమణిగినా ఈ చప్పుడు ఆగదు. పిట్టేమో పిచ్చుక కంటే కొంచెం పెద్దది, ఒళ్లంతా ఆకుపచ్చ, నుదుటి మీద ఎరుపు, గొంతు పసుపు. ఆకుల్లో కలిసిపోతుంది. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఒక్కోసారి ఒక్కోవైపు నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. శబ్దం వెంట పరుగెత్తకుండా, ఆకులు లేని పై కొమ్మలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే దొరుకుతుంది. గూడు ఎండిన కొమ్మలో తానే తొలిచిన గుండ్రని రంధ్రం. తోటల్లో ఎండు కొమ్మలన్నీ కొట్టించేస్తే ఈ పిట్టకు ఇల్లుండదు.

కోకిలను గుర్తించడం తేలికే గానీ, జంటను గుర్తించేవారు తక్కువ. పాడేది నిగనిగలాడే నల్లని మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉండి, వేరే పక్షేమో అనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాకులు గూళ్లు కట్టుకునే కాలం. ఆ గూళ్లలోనే కోకిల గుడ్లు పెడుతుంది. కాకులు గుంపుగా ఒక పక్షిని తరుముతుంటే అది కోకిల కావడానికి అవకాశం ఎక్కువ.

చెరువు గట్టున చూడవలసినవి వేరు. తామరాకుల మీద పొడవైన వేళ్లతో మునిగిపోకుండా నడిచేది జకానా. పొడుగు తోక జకానాకు ఆ తోక వచ్చేది సంతానోత్పత్తి కాలంలోనే. ఈ జాతిలో గుడ్లు పొదిగేది మగపక్షి. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తల, మెడ ఈ కాలంలో పండు నారింజ రంగుకు మారతాయి. చెరువు అంచున ముడుచుకుని కూర్చునే గుడ్డి కొంగ వీపు ముదురు ఎరుపు వన్నె తిరుగుతుంది. చలికాలం బొమ్మలు మాత్రమే చూసినవారు వీటిని కొత్త పక్షులని పొరబడుతుంటారు.

తీతువు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే నడకలో మనిషి వల్ల నష్టపోయే మొదటి పక్షి ఇదే. ఇది చెట్టెక్కదు. బోడి నేల మీద నాలుగు గులకరాళ్లు పేర్చి, మట్టి రంగు గుడ్లు మామూలుగా నాలుగు పెడుతుంది. మే ఎండలో ఆ గుడ్లు ఉడికిపోకుండా నీడపట్టి నిలబడుతుంది. దగ్గర్లో నీళ్లుంటే పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మనిషి అలికిడికి లేచి అరుస్తూ తల చుట్టూ తిరిగిందంటే గుడ్లో పిల్లలో పక్కనే ఉన్నాయని అర్థం. ఫొటో కోసం పది నిమిషాలు అక్కడే నిలబడితే ఆ పది నిమిషాలూ గుడ్లు ఎండకు వదిలేసినట్టే. వచ్చిన దారినే వెనక్కి తిరగాలి.

7.30 దాటాక దృష్టి నేలకు దించాలి. సీతాకోకచిలుకలు చల్లని రక్తపు జీవులు. రెక్కలు విప్పి ఎండ కాగితేగానీ వాటికి ఎగిరే శక్తి రాదు. అందుకే తొలి గంట పిట్టలది, తర్వాతి అరగంట వీటిది. వెళ్లేటప్పుడు పైకి చూస్తూ వెళ్లి, అదే దారిలో మొక్కలను చూస్తూ తిరిగి రావడం అనుకూలమైన పద్ధతి. ఎండ ముదిరితే ఇవి ఆకుల అడుగున చేరి కదలవు. నిజానికి సీతాకోకచిలుకలకు వేసవి నిండు కాలం కాదు. వానలు పడ్డాకే వాటి సంఖ్య పెరుగుతుంది. కాబట్టి మేలో డజను జాతులు కనిపించినా మంచి రోజనే చెప్పాలి.

వీటిని వెతకడంలో తెలుగు ఇళ్లవారికి ఒక సౌలభ్యం ఉంది. సీతాకోకచిలుక తినే మొక్కలు చాలావరకు వంటింటివి, పెరటివి. ప్రతి జాతీ కొన్ని ప్రత్యేకమైన మొక్కల మీదనే గుడ్లు పెడుతుంది, గొంగళిపురుగు ఆ ఆకులు తప్ప వేరేవి ముట్టదు. మొక్క తెలిస్తే సీతాకోకచిలుక పేరు సగం తెలిసినట్టే. కరివేపాకు, నిమ్మ మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ పెరుగుతాయి. ఆముదం మీద కామన్ కాస్టర్ ఉంటుంది, దేశంలో ఆముదం అన్నిటికంటే ఎక్కువ పండేది గుజరాత్‌లోనే. పసుపు పూల గుత్తులతో మేలో వెలిగిపోయే రేల చెట్టు కామన్ ఎమిగ్రెంట్‌ది. కాలనీ గోడల వెంట నిటారుగా పెంచే నరమామిడి టెయిల్డ్ జేది. తడి నేల మీద పాకే పులిచింత ఆకు దగ్గర గోరంత నీలి సీతాకోకచిలుకలు తిరుగుతాయి.

కరివేపాకు చెట్టు ఒక్కటి చాలు, మొత్తం జీవితచక్రం చూడడానికి. లైమ్ బటర్‌ఫ్లై లేత చిగురు మీద లేత పసుపు రంగులో ఆవగింజంత గుండ్రని గుడ్డు పెడుతుంది. వేడిలో మూడు నాలుగు రోజుల్లో అది పగిలి పిల్ల పురుగు వస్తుంది. మొదట్లో అది గోధుమ, తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పిట్టలు దాని జోలికి రాకపోవడానికి అదే రక్షణ. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి నాలుకలాంటి రెండు చీలికల కొమ్ము బయటకు తోసి ఘాటు వాసన వదులుతుంది. తర్వాత సన్నని పట్టుదారంతో నడుము చుట్టూ కట్టుకుని కొమ్మకు వాలి ప్యూపాగా మారుతుంది. పురుగు పట్టిందని కరివేపాకు మీద మందు కొట్టే ముందు ఒక్కసారి ఈ కథ గుర్తు తెచ్చుకుంటే చాలు. నాలుగు రెమ్మలు పోయినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

జిల్లేడు దగ్గర మరింత ఆసక్తికరమైన సంగతి ఉంటుంది. పాలకారే ఈ ఆకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. నారింజ రంగు రెక్కలు, చివర నలుపు, అందులో తెల్ల మచ్చలు. ఒకసారి దీన్ని రుచి చూసిన పిట్ట ఆ రంగును మళ్లీ ముట్టదు. డానైడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది విషం లేకుండానే ఇదే వేషం వేస్తుంది. మగది పూర్తిగా వేరుగా, నల్లని రెక్కల మీద ఊదా అంచున్న పెద్ద తెల్ల మచ్చలతో ఉంటుంది. నిజమైనదాన్నీ వేషాన్నీ విడదీయాలంటే వెనక రెక్క చూడాలి. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్య మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒకటే. ఈ ఎగ్‌ఫ్లై గుడ్లు పెట్టే మొక్కల్లో ఒకటి తెలంగాణలో పప్పులో వేసే గంగవాయిలి కూర, ఆంధ్రలో పావిలికూర. ఈ రెండు సీతాకోకచిలుకలనూ ఒకే ఉదయం పక్కపక్కన చూపించగలిగితే, పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం చదివించినంత పని జరుగుతుంది.

పూలు తక్కువగా ఉండే మే నెలలో తడి నేల కూడా మంచి చోటు. తోటమాలి నీళ్లు పెట్టిన మడి, కారుతున్న కుళాయి కింది బురద దగ్గర మగ సీతాకోకచిలుకలు వాలి లవణాలు పీలుస్తాయి. అప్పుడు అవి త్వరగా లేవవు. నీడ వాటి మీద పడకుండా, కింద నుంచి మెల్లగా వంగి దగ్గరకు వెళ్తే బాగా చూడవచ్చు. రాలిన ఆకుల్లో ఎండుటాకులాంటివి వెతకడం కూడా మరవకూడదు. పీకాక్ ప్యాన్సీ, కామన్ ఈవినింగ్ బ్రౌన్ వంటివి ఎండాకాలంలో రెక్కల అడుగున కళ్ల గుర్తులు లేకుండా ఎండుటాకు రూపంలో ఉంటాయి. వానాకాలం తరం వాటికి ఆ కళ్లు స్పష్టంగా వస్తాయి.

పరికరాల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. బైనాక్యులర్ కొనాలనుకుంటే 8x42 రకం సరిపోతుంది: ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా దాన్ని కళ్ల దగ్గరకు ఎత్తడం సాధన చేయాలి. చూపు దించి వెతుక్కుంటే ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది. సీతాకోకచిలుకలకు ఉత్త కళ్లు చాలు. కార్నెల్ ల్యాబ్ వారి మెర్లిన్ యాప్ కూతను విని పేరు సూచిస్తుంది, కానీ పిట్టను కంటితో చూసేవరకు ఆ పేరును సూచనగానే తీసుకోవాలి. పుస్తకాల్లో 1941లో మొదట వెలువడిన సలీం అలీ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’, 2008లో వచ్చిన ఐజాక్ కెహిమ్‌కర్ ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బటర్‌ఫ్లైస్’ ఆధారపడదగినవి.

వీటన్నిటి కంటే చిన్న నోటుపుస్తకం ఎక్కువ పనికొస్తుంది. తేదీ, వేళ, చోటు, ఎండా మబ్బా, ఏ చెట్టు మీద, ఎన్ని, ఏం చేస్తున్నాయి అనేవి రాయాలి. తెలియని పిట్టయితే పేరు ఊహించకుండా వర్ణన రాయాలి. పరిమాణానికి పిచ్చుక, గోరింక, కాకి మూడూ కొలబద్దలు. తర్వాత ముక్కు ఆకారం, తోక పొడవు, నడకా గెంతా అన్నది. రంగు చివర్లో రాయాలి, వెలుతురును బట్టి మోసగించేది అదే. ముగ్గురు పిల్లలు వస్తే ఒకరికి రాయడం, ఒకరికి వినడం, ఒకరికి మొక్కలు గుర్తించడం అప్పగిస్తే గోల తగ్గుతుంది. ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితా నమోదు చేస్తే అది శాస్త్రజ్ఞులకూ ఉపయోగపడుతుంది. ఏటా మే నెలలో జరిగే గ్లోబల్ బిగ్ డే నాడు ప్రపంచమంతటా ఇలా లెక్కిస్తారు.

కొన్ని చేయకూడనివి ఉన్నాయి. ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించకూడదు. గూడు కాలంలో అది తన హద్దులోకి శత్రువు వచ్చిందని పొదగడం మాని వెతుకుతుంది. గూడు దగ్గర కొమ్మలు పక్కకు వంచి ఫొటో తీస్తే కాకికి దారి చూపించినట్టే. పక్షులను పట్టడం, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, రామచిలుకను పంజరంలో పెంచడం కూడా.

సూరత్‌కు ప్రత్యేకమైన పని ఒకటుంది. జనవరిలో ఉత్తరాయణానికి ఎగరేసిన పతంగుల మాంజా దారం నెలల తరబడి చెట్లకూ తీగలకూ వేలాడుతూనే ఉంటుంది. గాజుపొడి పూసిన ఆ దారం రెక్కలను కోస్తుంది, మెడకు చుట్టుకుంటుంది. నడకకు చిన్న కత్తెర, ఒక సంచి తీసుకెళ్లి చేతికందే ఎత్తులో ఉన్న దారాన్ని కత్తిరించి చుట్టి చెత్తకుండీలో వేయాలి. కరెంటు తీగల జోలికి వెళ్లకూడదు. గాయపడిన పక్షి దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నీళ్లు నోట్లో పోయకుండా ఉంచి, 1962 నంబరుకు ఫోను చేస్తే గుజరాత్‌లో కరుణ యానిమల్ అంబులెన్స్ సాయం అందుతుంది.

జూన్ మొదట్లో ఆఫ్రికా నుంచి చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, తల మీద కుచ్చు. వాన చినుకులే తాగుతుందన్న కథ సంగతి ఎలా ఉన్నా, రుతుపవనాలకు కాస్త ముందుగా ఇది చేరడం వాస్తవం. అది కనిపించిన తేదీ రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు వానలు పడ్డాక, మేలో నడిచిన దారిలోనే, అదే వేళకు, అవే చెట్ల కింద మరో నడక చేయాలి. తుమ్మ కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లడం అప్పుడే జోరందుకుంటుంది, జిల్లేడు చుట్టూ ప్లెయిన్ టైగర్ల సంఖ్య పెరుగుతుంది. మే జాబితాను చేతిలో పెట్టుకుని వెళ్లండి.